వాకింగా, జిమ్మా, సూర్య నమస్కారాలా: ఎవరికి ఏది సరిపోతుంది?

రోజూ పొద్దున్నే పార్కులో గంటసేపు నడిచేవాళ్ళు కూడా అలిపిరి దగ్గర మెట్లు మొదలుపెట్టి గాలిగోపురం చేరేసరికి ఆయాసంతో కూలబడుతుంటారు. మొత్తం 3,550 మెట్లలో అప్పటికి ఇంకా చాలా మిగిలే ఉంటాయి. చివర్లో వచ్చే మోకాళ్ళ పర్వతం సంగతి సరేసరి. "ఏళ్ళ తరబడి వాకింగ్ చేస్తున్నా కదా, ఇదేంటి?" అనిపిస్తుంది. ఆ వాకింగ్ దండగేమీ కాలేదు. చదును నేల మీద నడిచిన కాళ్ళకు చదును నేల మీద నడవడమే బాగా వచ్చింది. ఒంటికాలి మీద ఒళ్ళంతటినీ మెట్టు పైకి లేపే బలం మాత్రం ఆ గంటలో ఎక్కడా పెరగలేదు.

"ఏ వ్యాయామం మంచిది?" అని అడిగితే సూటిగా జవాబు దొరకనిది ఇందుకే. దేనికి మంచిదో ముందు తేలాలి. అన్నీ మంచివే, ఏదో ఒకటి చేయండి అని చెప్పి వదిలేస్తే చదివినవాళ్ళకు ఒరిగేదేమీ ఉండదు కాబట్టి ముందు ఏమేం చూసుకోవాలో చెప్పి, తర్వాత ఒక్కోదాని సంగతీ చూస్తాను. నా మొగ్గు ఎటో కూడా దాచను.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

ఏది సాధన చేస్తే అదే వస్తుంది. ఫిట్‌నెస్ అని ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో కనీసం నాలుగు ఉన్నాయి: ఎక్కువసేపు ఆయాసం రాకుండా పనిచేసే దమ్ము, బరువు ఎత్తే బలం, ఒళ్ళు వంగడం, తూలకుండా నిలబడగలగడం. ఒకటి పెరిగితే మిగతావి వాటంతటవే పెరగవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో కూడా వీటిని విడివిడిగానే చెప్పారు. పెద్దవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మాదిరి వేగంతో, లేదా 75 నుంచి 150 నిమిషాలు గట్టిగా వ్యాయామం చేయాలి. దానికి తోడు వారంలో కనీసం రెండు రోజులు కండరాల బలం కోసం చేయాలి. 65 దాటినవాళ్ళు బ్యాలెన్స్ కోసం మూడు రోజులు కేటాయించాలి. మనలో చాలామంది మొదటి సగం చదివి రెండో సగం వదిలేశారు.

పెంచుకుంటూ పోయే దారి ఉందా. ఒళ్ళు అలవాటైన పనికి మారదు, అలవాటు లేనంత పని పడితేనే మారుతుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా సైనిక ఆసుపత్రిలో పనిచేసిన డాక్టర్ థామస్ డెలార్మ్ దీన్ని పద్ధతిగా వాడాడు. మోకాలి గాయాలతో తొడకండలు బక్కచిక్కిపోయిన సైనికులకు అప్పట్లో తేలికపాటి బరువుతో ఎక్కువసార్లు కాలు ఆడించమని చెప్పేవారు. ఆయన వాళ్ళు కష్టపడి పదిసార్లు ఎత్తగలిగే బరువు ఇచ్చి, అది తేలికైన కొద్దీ పెంచుకుంటూ పోయాడు. 1945లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఇవాళ జిమ్ గోడ మీద కనిపించే "పది చొప్పున మూడు సెట్లు" లెక్క వెనక ఉన్నది ఆయన పనే. మీరు ఎంచుకునే వ్యాయామంలో రేపు పెంచడానికి ఏముందో చూసుకోండి: బరువా, వేగమా, దూరమా, ఎత్తా? ఏదీ లేకపోతే మూడు నెలల తర్వాత అక్కడే ఆగిపోతారు.

కోలుకునే వ్యవధి. బలం పెరిగేది బరువు ఎత్తుతున్నప్పుడు కాదు, ఆ తర్వాత తిండి, నిద్ర దొరికినప్పుడు. కొత్త పని చేసిన ఒకటి రెండు రోజులకు కండరాలు పట్టేసినట్టుండటం మామూలే. కీలులో పొడిచినట్టుండే నొప్పి, వాపు మామూలు కాదు. ఇంకో సంగతి, దమ్ము, కండ త్వరగా పెరుగుతాయి గానీ ఎముక, కండను ఎముకకు కట్టి ఉంచే టెండన్ అంత త్వరగా గట్టిపడవు. రెండో నెలలో "ఇప్పుడు బాగా చేయగలుగుతున్నా" అనుకుని ఒక్కసారిగా పెంచినవాళ్ళకే మడమ, మోకాలి చిప్ప కింద నొప్పులు మొదలవుతాయి.

మానేస్తే పోతుంది. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు ఐదుగుర్ని మూడు వారాలు మంచం మీదే పడుకోబెట్టి చూశారు. ముప్పై ఏళ్ళ తర్వాత మళ్ళీ వాళ్ళనే పరీక్షిస్తే, ముప్పై ఏళ్ళ వయసు మీద పడి తగ్గిన దమ్ము కంటే ఆ మూడు వారాల మంచం వల్ల తగ్గిందే ఎక్కువని తేలింది. కాబట్టి ఎంత గొప్ప వ్యాయామం అన్నదాని కంటే, వానొచ్చినా, పెళ్ళిళ్ళ సీజన్ వచ్చినా, పిల్లల పరీక్షలొచ్చినా మీరు వదలకుండా చేయగలిగేది ఏదన్నదే పెద్ద ప్రశ్న. ఇంటి నుంచి దూరం, ఖర్చు, టైము ఇక్కడే లెక్కలోకి వస్తాయి.

## వాకింగ్

ఖర్చు లేదు, నేర్చుకోవాల్సింది లేదు, దెబ్బలు తగిలే భయం దాదాపు లేదు. కదలిక లేని మనిషికి ఇంతకన్నా మంచి మొదలు లేదు. సుగర్ ఉన్నవాళ్ళకైతే భోజనం అయ్యాక పది, పదిహేను నిమిషాలు నడిచినా రక్తంలో గ్లూకోజ్ ఒక్కసారిగా ఎగబాకకుండా ఉంటుంది. పొద్దున గంట నడిచి, మధ్యాహ్నం అన్నం తిని కుర్చీలో కూలబడేవాళ్ళు ఆ గంటనే మూడు ముక్కలు చేసి, మూడు పూటలా తిన్నాక నడవడం మేలు.

చిక్కల్లా వేగం దగ్గరే. ఏ పార్కులో చూసినా నలుగురు కలిసి రియల్ ఎస్టేట్, రాజకీయాలు, అమెరికాలో ఉన్న పిల్లల వీసాల గురించి మాట్లాడుకుంటూ మూడు రౌండ్లు వేస్తుంటారు. మనసుకు మంచిదే, గుండెకు మాత్రం ఆ వేగం చాలదు. లెక్క తేలిక: పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, కానీ పాట పాడమంటే ఊపిరి అందకూడదు. నిమిషానికి దాదాపు వంద అడుగులు పడితే ఆ వేగంలో ఉన్నట్టు. రోజుకు పదివేల అడుగుల టార్గెట్ గురించి టెన్షన్ అక్కర్లేదు, అది 1965లో జపాన్‌లో అడుగుల మీటర్ అమ్ముకోవడానికి వాడిన అంకె. ఇప్పుడు మూడు వేలు నడుస్తుంటే ఐదు వేలకు పెంచడమే మీకు లాభం.

పెంచుకునే దారి వాకింగ్‌లో త్వరగా మూసుకుపోతుంది. గంటన్నర కంటే ఎంతసేపని నడుస్తారు? అప్పుడు టైము పెంచకుండా ఎత్తు పెంచాలి. ఫ్లైఓవర్, మెట్లు, గుట్ట, ఏదైనా సరే. విశాఖలో, తిరుపతిలో, వరంగల్‌లో ఉండేవాళ్ళకు ఇందుకు వెతుక్కోవాల్సిన పని లేదు. బలం విషయంలో వాకింగ్‌కు నేనిచ్చే మార్కులు తక్కువే, నడుం పైభాగానికైతే సున్నా.

## రన్నింగ్

తక్కువ టైములో ఎక్కువ దమ్ము రావాలంటే ఇదే. వాకింగ్‌కు 150 నిమిషాలు పడితే దీనికి 75 చాలు. పరుగెత్తితే మోకాళ్ళు అరిగిపోతాయని మన పెద్దవాళ్ళు భయపెడతారు గానీ, సరదాగా ఓ మోస్తరు దూరాలు పరుగెత్తేవాళ్ళలో మోకాళ్ళ అరుగుదల ఎక్కువేం కనిపించలేదు. దెబ్బతీసేది పరుగు కాదు, తొందర. మొదటి నెల రెండు నిమిషాలు నడక, ఒక నిమిషం పరుగు చొప్పున ఇరవై నిమిషాలు, వారానికి మూడు రోజులు చాలు. పరుగెత్తేటప్పుడు కాళ్ళ మీద పడే బరువు ఎక్కువ కాబట్టి, ఒంటి బరువు బాగా ఎక్కువ ఉన్నవాళ్ళు ముందు కొన్ని నెలలు నడక, సైకిల్‌తో గడిపి తర్వాత ఇటు రావడం మంచిది.

ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలకు అలవాటు పడటానికి ఒంటికి వారం, రెండు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో పాత వేగం రాలేదని బాధపడటం అనవసరం.

## జిమ్

పెంచుకునే దారి అనే లెక్కలో జిమ్‌ను మించింది లేదు. ఈ వారం ఐదు కిలోలు, వచ్చే వారం ఏడున్నర. కళ్ళ ముందు అంకె కనిపిస్తుంది. గుంజీళ్ళు తీయలేని మోకాలికి కూడా పనికొచ్చే మెషీన్ ఉంటుంది. వీపు కండరాలకు పని చెప్పే సౌకర్యం ఇంట్లో అంతగా ఉండదు, ఇక్కడ ఉంటుంది.

అయినా జిమ్‌లో చేరినవాళ్ళలో చాలామంది కొద్ది నెలలకే మానేస్తారు. ఇందులో బద్ధకం పాత్ర ఉన్నా, మొదలుపెట్టే తీరులోనే అసలు తేడా ఉంటుంది. మొదటి రోజే ట్రైనర్ కాళ్ళకు ఆరు రకాలు చేయిస్తాడు. మర్నాడు బాత్రూమ్‌లో కూర్చుని లేవలేక గోడ పట్టుకోవాల్సి వస్తుంది. దానికి తోడు సోమవారం ఛాతీ, మంగళవారం వీపు, బుధవారం భుజాలు అంటూ ఆరు రోజుల టైమ్ టేబుల్. కొత్తవాళ్ళకు అది అక్కర్లేదు. వారానికి రెండు మూడు రోజులు, ఒక్కో రోజూ ఒళ్ళంతటికీ కలిపి ఐదారు రకాలు చాలు: ఒకటి కూర్చుని లేచేది, ఒకటి ముందుకు వంగి బరువు లేపేది, ఒకటి తోసేది, ఒకటి లాక్కునేది, చివర్లో పొట్ట, నడుముకు ఒకటి. సెట్ ముగిసేసరికి ఇంకో రెండుసార్లు ఎత్తగలననిపించాలి. అంతకుమించి మొదట్లో పిండుకోకూడదు.

మొదటి ఆరు, ఎనిమిది వారాల్లో అద్దంలో తేడా కనిపించదు. అప్పటికి పెరిగిన బలంలో ఎక్కువ భాగం కండ లావెక్కడం వల్ల రాదు, ఉన్న కండను పూర్తిగా వాడుకోవడం నరాలు నేర్చుకోవడం వల్ల వస్తుంది. "ఏం మార్పు లేదు" అని మానేసేది సరిగ్గా అప్పుడే. అలాగే, ఏది సాధన చేస్తే అదే వస్తుందన్న సూత్రం కొవ్వుకు వర్తించదు. పొట్ట వ్యాయామాలు ఎన్ని చేసినా లోపలి కండరం గట్టిపడుతుందే తప్ప పైనున్న కొవ్వు అక్కడే కరగదు. అది తిండి లెక్క. ప్రొటీన్ డబ్బా కొనమని మొదటి వారమే ఒత్తిడి చేసే జిమ్‌ను నేనైతే నమ్మను. గుడ్లు, పప్పు, పెరుగు, చేప, చికెన్ ఏమీ తక్కువ కావు.

## ఇంట్లో కసరత్తు

మనవాళ్ళకు కొత్తేమీ కాదు. పాతకాలపు వ్యాయామశాలలైన తాలింఖానాల్లో దండీలు, బస్కీలు తీసినవాళ్ళకు మెషీన్లు ఎక్కడివి? దూరం లేదు, ఫీజు లేదు, ఎవరైనా చూస్తారన్న మొహమాటం లేదు. నా దృష్టిలో నలభై దాటిన ఆడవాళ్ళకు దీన్ని మించిన మొదలు లేదు.

పెంచడానికి ఏముంటుంది అంటారా? ఉంటుంది. మొదట వంటింటి గోడకు చేతులానించి వంగి లేవడం. అది పదిహేనుసార్లు తేలిగ్గా వచ్చాక వంటగట్టుకు ఆనించి, ఆ తర్వాత దివాన్ కాట్ మీద, చివరికి నేల మీద. చేతులు కిందికి దిగిన కొద్దీ వాటి మీద పడే బరువు పెరుగుతుంది. కాళ్ళకూ అంతే. ముందు చేతులు లేని కుర్చీలో కూర్చుని చేతుల సాయం లేకుండా లేవాలి. తర్వాత కుర్చీని తాకి లేవాలి, కూర్చోకూడదు. ఆ తర్వాత కుర్చీ తీసేసి గుంజీళ్ళు. అవీ తేలికైతే పుస్తకాలు నింపిన స్కూల్ బ్యాగ్ వీపున తగిలించుకోవాలి. నీళ్ళు నింపిన బకెట్‌ను ముందుకు వంగి నడుం దాకా లాగడం వీపుకు పనికొస్తుంది. ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ దాదాపు ఇరవై కిలోలుంటుంది. ఎవర్నీ పిలవకుండా దాన్ని స్టాండ్ మీద పెట్టగలగడం చిన్న లక్ష్యమేమీ కాదు.

లోటు ఏంటంటే, తప్పుగా చేస్తుంటే చెప్పేవాళ్ళుండరు. ఇంకోటి, కుక్కర్ విజిలొచ్చినా, కాలింగ్ బెల్ మోగినా ఆగిపోతుంది. టైము గట్టిగా పెట్టుకోకపోతే సాగదు.

## సూర్య నమస్కారాలు, యోగా

ఒళ్ళు వంగడానికి, బ్యాలెన్స్‌కు, మనసు కుదుటపడటానికి ఇదే ముందు. నెమ్మదిగా చేస్తే ఆసనాల సాధనలో గుండె మీద పడే పని మామూలు నడకకు దగ్గర్లో ఉంటుంది. ఊపిరితో కలిపి వేగంగా, ఆగకుండా పది పన్నెండు సూర్య నమస్కారాలు చేస్తే ఆయాసం వస్తుంది, చెమట పడుతుంది. భుజాలకూ కొంత పని దొరుకుతుంది. అందులో తోసే పని ఉంది గానీ లాక్కునే పని అసలు లేదు. కొన్నాళ్ళకు సంఖ్య పెంచడం తప్ప ఇంకో దారి ఉండదు. సంఖ్య పెంచితే దమ్ము పెరుగుతుంది, బలం పెద్దగా పెరగదు.

రథసప్తమికి 108 చేయాలని ఉత్సాహపడేవాళ్ళకు ఒక మాట: రోజూ పన్నెండు చేసే మనిషి ఒక్కరోజులో తొమ్మిది రెట్లు చేస్తే మణికట్లు, నడుం ఊరుకోవు. నెల ముందు నుంచి పెంచుకుంటూ వెళ్ళండి. బీపీ అదుపులో లేనివాళ్ళు, గ్లకోమా ఉన్నవాళ్ళు తల కిందికి వచ్చే ఆసనాలు డాక్టర్‌ను అడగకుండా చేయొద్దు.

## షటిల్, ఈత

షటిల్ ఆడుతుంటే వ్యాయామం చేస్తున్నట్టే ఉండదు, అందుకే జనం మానరు. ఆ లెక్కలో దీనికి నూటికి నూరు. కానీ వారమంతా కుర్చీలో కూర్చుని ఆదివారం రెండు గంటలు కోర్టులో గెంతే నలభై ఏళ్ళ మనిషికి మడమ వెనక టెండన్ తెగడం, చీలమండ మడతపడటం ఈ ఆటలో తరచూ జరిగేవే. వారం మధ్యలో రెండు రోజులు పిక్కలకు, తొడలకు పని చెప్పి అప్పుడు ఆడండి. ఈత మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు వరం. మన ఊళ్ళల్లో ఏడాది పొడుగునా తెరిచి ఉండే కొలను దొరకడమే కష్టం.

## ఒక్క చూపులో

| | దమ్ము | బలం | పెంచుకునే వీలు | దెబ్బల భయం | ఖర్చు |
|---|---|---|---|---|---|
| వాకింగ్ | వేగంగా నడిస్తే బాగు | తక్కువ | త్వరగా ఆగుతుంది | చాలా తక్కువ | లేదు |
| రన్నింగ్ | చాలా బాగు | కాళ్ళకు కొంత | బాగా ఉంది | తొందరపడితే ఎక్కువ | బూట్లు |
| జిమ్ | చేసే తీరును బట్టి | చాలా బాగు | అన్నిటికంటే ఎక్కువ | నేర్పేవాళ్ళను బట్టి | నెలనెలా ఫీజు |
| ఇంట్లో కసరత్తు | ఓ మాదిరి | బాగు | ఆలోచిస్తే ఉంది | తక్కువ | దాదాపు లేదు |
| సూర్య నమస్కారాలు | వేగాన్ని బట్టి | ఓ మాదిరి | కొంతవరకే | తక్కువ | చాప |
| షటిల్ | బాగు | కాళ్ళకు కొంత | ఆట స్థాయిని బట్టి | ఎక్కువే | కోర్టు అద్దె, కాక్‌లు |

## మీరు ఎవరు?

ముప్పై, నలభైల్లో కుర్చీ ఉద్యోగం. ఒక్కటే ఎంచుకోవాలన్న పట్టుదల వదిలేయండి. వారానికి ఐదు రోజులు అరగంట వేగంగా నడక, రెండు రోజులు ఇరవై ఐదు నిమిషాలు బలం కోసం. ఆ రెండు రోజులు జిమ్‌లో అయినా, ఇంట్లో అయినా ఒకటే. ఆఫీసు పక్కనే జిమ్ ఉంటే అక్కడ, ఇంటికొచ్చాక ట్రాఫిక్‌లో మళ్ళీ బయల్దేరాల్సి వస్తే ఇంట్లో. లిఫ్ట్ మానేయడం చిన్న సంగతి అనుకోకండి. 1953లో జెరీ మోరిస్ అనే బ్రిటిష్ పరిశోధకుడు లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని గమనిస్తే, రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే మెట్లెక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బులు తక్కువగా కనిపించాయి.

యాభై దాటి మోకాళ్ళ నొప్పి. నొప్పి ఉందని కదలడం మానేస్తే తొడ ముందు కండరం బక్కచిక్కి, బరువంతా కీలు మీదే పడుతుంది. కుర్చీలోంచి లేవడం, కూర్చుని కాలు చాపి పట్టి ఉంచడం ముందు. నడక ఆ తర్వాత, చదును నేల మీద, పది నిమిషాల చొప్పున. వజ్రాసనం, పూర్తిగా కిందికి కూర్చునే గుంజీళ్ళు కొన్నాళ్ళు పక్కన పెట్టండి. వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం రోజూ చేస్తే పడిపోయే భయం తగ్గుతుంది.

సుగర్, బీపీ. తిన్నాక నడక, వారానికి రెండుసార్లు బలం. కండరం గ్లూకోజ్‌ను వాడుకునే చోటు కాబట్టి ఆ రెండోది వదలొద్దు. ఇన్సులిన్ గానీ, సుగర్ బాగా పడిపోయేలా చేసే మాత్రలు గానీ వాడుతుంటే జేబులో చక్కెర బిళ్ళలు ఉంచుకోండి, డోసు గురించి డాక్టర్‌తో మాట్లాడండి. బీపీ ఉన్నవాళ్ళు బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగపట్టకూడదు.

పోలీసు ఉద్యోగానికి ప్రిపేర్ అయ్యేవాళ్ళు. ఇక్కడ ఇష్టాయిష్టాల ప్రసక్తి లేదు, పరీక్షే సిలబస్. తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్ళు 1,600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్ళు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి. దానితోపాటు లాంగ్ జంప్, షాట్‌పుట్ ఉన్నాయి. 400 మీటర్ల ట్రాక్ మీద మగవాళ్ళకు ఒక్కో రౌండుకు 109 సెకన్లు కూడా దొరకవు. రోజూ పొద్దున ఐదు కిలోమీటర్లు ఒకే వేగంతో పరుగెత్తి రావడం ఇందుకు చాలదు. వారంలో ఒకటి రెండు రోజులు 400 మీటర్ల ముక్కలు పరీక్ష వేగంతో, మధ్యలో విరామంతో పరుగెత్తాలి. దూకడానికి, గుండు విసరడానికి కాళ్ళు, నడుం బలం కావాలి కాబట్టి రెండు రోజులు బరువులు. పరీక్షకు ముందు వారం సాధన తగ్గించాలి. ఆ వారంలో కొత్తగా వచ్చే దమ్ము ఏమీ ఉండదు, అలసట మాత్రం వస్తుంది.

ఇరవైల్లో కుర్రాళ్ళు. జిమ్ మీకు నచ్చుతుంది, వెళ్ళండి. వారానికి రెండుసార్లు పరుగు కూడా పెట్టుకోండి. మూడు నెలల్లో సిక్స్ ప్యాక్ తెప్పిస్తామంటూ ఇంజెక్షన్ల మాట ఎత్తే చోట మాత్రం మర్నాడు ఉండొద్దు.

ఏది ఎంచుకున్నా మొదట ఏడాది ఫీజు కట్టకండి, నెల కట్టండి. ఒక చిన్న నోట్‌బుక్‌లో ఆ రోజు ఏం చేశారో, ఎన్నిసార్లో, ఎంత బరువో రాసుకోండి. నాలుగు వారాల తర్వాత అంకెలు కదలకపోతే ముందు నిద్ర, తిండి చూసుకోండి, అవి బాగుంటే అప్పుడు వ్యాయామం మార్చండి. నడుస్తుంటే ఛాతీలో బిగపట్టినట్టుండటం, ఎడమ చేతికి లేదా దవడకు నొప్పి పాకడం, కళ్ళు తిరగడం లాంటివి ఉంటే ఆ క్షణమే ఆపేసి ఆసుపత్రికి వెళ్ళండి. ఇంట్లో గుండెజబ్బు చరిత్ర ఉన్నవాళ్ళు, చాలా ఏళ్ళుగా కదలికే లేనివాళ్ళు గట్టి వ్యాయామాల జోలికి వెళ్ళేముందే ఒకసారి డాక్టర్‌కు చూపించుకోవాలి.